ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఇద్దరు స్నేహితులు కలిసి ఉండాలంటే: విమానం ఎక్కకముందు నుంచి డిపాజిట్ చేతికి వచ్చేదాకా

కంపెనీ పని మీద రెండు మూడేళ్లకు ఫ్రాంక్‌ఫర్ట్ వస్తున్నవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: "నేనూ నా ఫ్రెండూ కలిసి ఇల్లు తీసుకుందాం అనుకుంటున్నాం, ఏది ముందు చేయాలి, ఏది తర్వాత?" ఒక్కొక్కరికి విడిగా చెప్పే బదులు మొత్తం వరస ఇక్కడ రాస్తున్నాను.

జర్మనీలో ఒక కాగితం లేనిదే ఇంకో కాగితం రాదు. ఇల్లుంటేనే అడ్రస్ నమోదు అవుతుంది. అది అయితేనే పన్ను నంబరు వస్తుంది. ఆ నంబరు ఉంటేనే జీతంలో కోత సరిగా పడుతుంది. ఇద్దరు కలిసి ఉంటే మరో చిక్కు ఉంది. ఇల్లు ఒకటే అయినా చట్టం దృష్టిలో ఎవరి లెక్క వాళ్లదే. ఒప్పందం మీద, పోస్టుబాక్సు మీద, నమోదు కాగితం మీద ఇద్దరి పేర్లూ ఉండేలా మొదటి రోజు నుంచే చూసుకోండి. నేను చూసిన తగాదాల్లో ఎక్కువ భాగం ఏదో ఒకచోట ఒకరి పేరు లేకపోవడం వల్లే మొదలయ్యాయి.

## 1. టికెట్లు కొనకముందే ఇద్దరూ తేల్చుకోవాల్సినవి

స్నేహం ఎంత పాతదైనా సరే, ఒకసారి కూర్చుని ఈ కింది విషయాలు మాట్లాడుకోండి. మాట్లాడాక ఒక మెయిల్‌గా రాసి ఇద్దరూ దాచుకోండి.

☐ ఎవరి అసైన్‌మెంట్ ఎన్నాళ్లు? పొడిగించే అవకాశం ఎవరికి ఉంది, మధ్యలో వెనక్కి పిలిచే అవకాశం ఎవరికి ఉంది?
☐ ఎవరి కుటుంబమైనా వచ్చే ఆలోచన ఉందా? ఉంటే ఎప్పుడు?
☐ నెలకు ఒక్కొక్కరు అద్దెకు పెట్టగలిగింది ఎంత?
☐ వంట కలిపా, విడిగానా? ఒకరు శాకాహారులైతే గిన్నెలు వేరా?
☐ ఇంటి నుంచి పనిచేసే రోజులు ఎన్ని? ఇద్దరికీ ఒకే సమయంలో కాల్స్ ఉంటాయా?
☐ చుట్టాలు, స్నేహితులు వచ్చి ఉంటే ఎన్నాళ్ల వరకు ఇబ్బంది లేదు?

వీటిలో మొదటి రెండూ అన్నిటికన్నా ముఖ్యం. ఆరు నెలల్లో భార్యాపిల్లలు వస్తారని తెలిసినవాళ్లు రెండేళ్ల ఒప్పందంలో సగం వాటాదారుగా సంతకం పెట్టకూడదు. అలాంటివాళ్లకు ఏ దారి మంచిదో ఆరో భాగంలో ఉంది.

## 2. ఇండియాలోనే ముగించుకోవాల్సిన పనులు

ఫోన్ నంబరు. ఇండియా సిమ్‌ను ఆపేయకండి. బ్యాంకు, పీఎఫ్, ఆదాయపు పన్ను అన్నిటి ఓటీపీలూ దానికే వస్తాయి. అంతర్జాతీయ రోమింగ్ ఇక్కడే ఆన్ చేయించుకోండి. తక్కువ ప్లాన్‌లో పెట్టి, రీచార్జ్ గడువులు ఇంట్లో ఒకరికి అప్పగించండి.

బ్యాంకు. ఉద్యోగం కోసం విదేశానికి వెళ్తున్నప్పుడు ఇక్కడి మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓ ఖాతాగా మార్పించుకోవాలి. జర్మనీ జీతం లోంచి ఇంటికి పంపే డబ్బుకు ఎన్ఆర్ఈ ఖాతా తెరవండి. దూరం నుంచి కొరియర్లతో ఈ పని చేయడం తలనొప్పి.

పీఎఫ్ కాగితం. ఇండియా కంపెనీ జీతం మీదే ఉంటూ డెప్యుటేషన్ మీద వస్తున్నట్లయితే, ఈపీఎఫ్ఓ నుంచి కవరేజీ సర్టిఫికెట్ తీసుకోమని హెచ్ఆర్‌ను గట్టిగా అడగండి. రెండు దేశాల మధ్య ఒప్పందం ఉంది కాబట్టి, అది చేతిలో ఉంటే జర్మనీ పింఛను చందా మళ్లీ కట్టే పని ఉండదు. ఆరోగ్య బీమాకు మాత్రం ఇది వర్తించదు. జర్మన్ కంపెనీతో నేరుగా ఒప్పందం ఉన్నవాళ్లకు ఇది అవసరం లేదు.

ఇద్దరి పాస్‌పోర్టుల్లోనూ సర్‌నేమ్ గడిలో ఏముందో చూసి రాసి పెట్టుకోండి. మనలో కొందరికి అక్కడ ఇంటిపేరు ఉంటుంది, కొందరికి తండ్రి పేరు, కొందరికి ఖాళీ. జర్మనీలో ప్రతి ఉత్తరం ఆ గడిలోని పేరుతోనే వస్తుంది.

చేతి సంచిలో ఉండాల్సినవి (ఎవరివి వాళ్లు, రెండేసి నకళ్లతో):

☐ పాస్‌పోర్టు, వీసా పేజీ
☐ ఉద్యోగ ఒప్పందం లేదా డెప్యుటేషన్ లెటరు, అందులో జీతం కనిపించాలి
☐ చివరి మూడు నెలల జీతం స్లిప్పులు
☐ డిగ్రీ ఒరిజినల్స్
☐ పెళ్లి అయితే పెళ్లి సర్టిఫికెట్, పిల్లల జనన ధ్రువపత్రాలు
☐ ప్రయాణ ఆరోగ్య బీమా కాగితం
☐ వాడే మందులు, డాక్టరు చీటీతో, మూడు నెలల అవసరానికి మించకుండా
☐ ఇండియా డ్రైవింగ్ లైసెన్సు (జర్మనీలో స్థిరపడ్డాక ఆరు నెలలే చెల్లుతుంది, ఆ తర్వాత అక్కడి పరీక్షలు రాయాలి)

## 3. సూట్‌కేసులో ఏది పెట్టాలి, ఏది పెట్టకూడదు

ఐరోపా సమాఖ్య బయటి నుంచి మాంసం, పాల పదార్థాలు తేవడం నిషేధం. అంటే నెయ్యి సీసా, పాలకోవా, చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి, ఏవీ వద్దు. తాజా కరివేపాకు, మామిడికాయలు కూడా మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా కుదరదు. ఆవకాయ, గోంగూర పచ్చడి, కందిపొడి, కారప్పొడి, ఎండుమిర్చి నిరభ్యంతరంగా పెట్టుకోవచ్చు. కందిపప్పు, సోనామసూరి బియ్యం మోసుకురావద్దు. హౌప్ట్‌బాన్‌హోఫ్, అంటే ప్రధాన రైల్వే స్టేషన్, చుట్టుపక్కల దుకాణాల్లో దొరుకుతాయి.

కుక్కర్ విషయంలో చాలామంది పప్పులో కాలేస్తారు. జర్మనీ ఇళ్లలో గ్యాస్ పొయ్యి అరుదు. ఎక్కువగా గాజుపలక ఎలక్ట్రిక్ పొయ్యి, కొన్నిచోట్ల ఇండక్షన్. మన మామూలు అల్యూమినియం కుక్కర్ ఇండక్షన్ మీద వేడెక్కదు. ఇండక్షన్ అడుగు ఉన్న, అడుగు చదునుగా ఉన్న కుక్కర్ ఇద్దరికీ కలిపి ఒకటి చాలు. మిక్సీ తెచ్చుకోవచ్చు, ఓల్టేజీ రెండు చోట్లా 230. మన మూడు పిన్నుల ప్లగ్గు మాత్రం అక్కడి సాకెట్లో దూరదు. మిక్సీ లాగే విద్యుత్తుకు తట్టుకునే మంచి అడాప్టర్ ఇక్కడే కొనండి.

ఇద్దరూ కలిసి జాబితా వేసుకుంటే రెండు మిక్సీలు, రెండు ఇడ్లీ పాత్రలు, రెండు ఇస్త్రీపెట్టెలు మోయాల్సిన పని తప్పుతుంది.

## 4. మొదటి నెల: తాత్కాలిక గది

ఇండియా నుంచే శాశ్వత ఇల్లు ఖాయం చేసుకోవాలని చూడకండి. ముందు ఒకటి రెండు నెలలకు ఫర్నిచర్‌తో ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకోండి. కంపెనీ ఇప్పిస్తే మంచిదే. మీరే వెతుక్కుంటే బుక్ చేసేముందు ఇది రాతపూర్వకంగా అడగండి: "ఈ అడ్రస్ మీద ఇద్దరికీ అన్మెల్డుంగ్ చేసుకోవచ్చా?"

అన్మెల్డుంగ్ అంటే నగర కార్యాలయంలో అడ్రస్ నమోదు. ఎన్నో తాత్కాలిక గదులు దీనికి ఒప్పుకోవు. కొన్ని ఒక్కరికే ఒప్పుకుంటాయి. అలాంటి గదిలో దిగితే పన్ను నంబరు రాక ఇద్దరిలో ఒకరి మొదటి జీతం బాగా తగ్గుతుంది. నమోదుకు ఒప్పుకునే గదికి కొంచెం అద్దె ఎక్కువైనా నేను అదే తీసుకోమంటాను.

## 5. అసలు ఇల్లు వెతకడం

గదుల లెక్క. ప్రకటనలో "రెండు సిమ్మర్" అని ఉంటే అది మన టూ బీహెచ్‌కే కాదు. హాలు కూడా ఒక సిమ్మరే. అంటే ఒక పడకగది, ఒక హాలు. వంటగది, స్నానాలగది ఈ లెక్కలోకి రావు. ఇద్దరికీ చెరో గది, పైన ఒక హాలు కావాలంటే మూడు సిమ్మర్లది వెతకాలి. హాలు అక్కర్లేదు అనుకుంటే రెండు సిమ్మర్లు చాలు. కానీ ప్లాన్ చూడండి: ఒక గదిలోంచి నడిస్తేనే ఇంకో గదికి వెళ్లే ఇళ్లు ఉంటాయి. ఇద్దరు ఉద్యోగస్తులకు అవి పనికిరావు.

అద్దె లెక్క. కాల్ట్‌మీటె అంటే గోడలకు అద్దె. దానికి నీళ్లు, చెత్త, మెట్ల శుభ్రం, చాలాచోట్ల హీటింగ్ కలిపితే వార్మ్‌మీటె. మీ బడ్జెట్ వార్మ్‌మీటెతో పోల్చుకోండి. కరెంటు, ఇంటర్నెట్ సాధారణంగా దీనికి అదనం.

వంటగది. ఖాళీ ఇల్లు అంటే చాలాసార్లు నిజంగానే ఖాళీ. పొయ్యి, సింకు, కప్‌బోర్డులు, లైట్లు కూడా ఉండవు. పాత కిరాయిదారు తన వంటగది అమ్ముతానంటే ధర, వస్తువుల జాబితా రాయించుకోండి. రెండు మూడేళ్ల కోసం వచ్చేవాళ్లు "ఐన్‌బౌక్యుషె", అంటే అమర్చిన వంటగది, అని ఉన్న ప్రకటనలే చూడడం మేలు.

ఎక్కడ? ఆఫీసుకు వెళ్లే రైలు లైను బట్టి ఎంచుకోండి. బోకెన్‌హైమ్, గాలుస్, రోడెల్‌హైమ్ నగరంలోనే. ఎష్‌బోర్న్‌కు ఎస్3, ఎస్4 రైళ్లు వెళ్తాయి. బాద్ హోంబుర్గ్‌కు ఎస్5. ఓఫెన్‌బాఖ్‌లో అద్దెలు కాస్త తక్కువ, అక్కడి నుంచి ఎస్8, ఎస్9 రైళ్లు నేరుగా విమానాశ్రయం దాకా పోతాయి. ఒకటి గుర్తుపెట్టుకోండి: ఎష్‌బోర్న్, ఓఫెన్‌బాఖ్, బాద్ హోంబుర్గ్ వేరే ఊళ్లు. అక్కడికి మారితే అడ్రస్ నమోదు ఆ ఊళ్లో చేయాలి, నివాస అనుమతి చూసే కార్యాలయం కూడా మారిపోతుంది. అనుమతి దరఖాస్తు నడుస్తున్నప్పుడు ఈ మార్పు జరిగితే ఫైలు బదిలీకే వారాలు పడతాయి. స్టేషన్‌ను ఆనుకున్న బాన్‌హోఫ్స్‌ఫీర్టెల్ పేట సరుకులకు బావుంటుంది. మత్తుమందుల బెడద ఉన్న చోటు కాబట్టి కాపురానికి నేను సూచించను.

దరఖాస్తు. ఇమ్మోబీలియెన్‌స్కౌట్24, వేగే-గెసూఖ్ట్, క్లైన్‌ఆన్‌సైగెన్ ఎక్కువమంది వాడే ప్రకటనల వెబ్‌సైట్లు. షూఫా అనే రుణ చరిత్ర పత్రం అడుగుతారు. కొత్తగా వచ్చినవాళ్లకు అందులో ఏమీ ఉండదు, కంగారు పడకండి. దాని బదులు ఉద్యోగ ఒప్పందాలు, జీతం స్లిప్పులు, కంపెనీ లెటరు ఇద్దరివీ ఒకే పీడీఎఫ్‌లో కట్టి పంపండి. ఇద్దరు జీతగాళ్లు ఉన్నారన్నది ఓనరుకు ధైర్యం ఇచ్చే విషయం. ఉత్తరం మొదటి వాక్యంలోనే అది చెప్పండి. నాలుగు ముక్కలు జర్మన్‌లో రాయించుకుంటే జవాబులు మెరుగ్గా వస్తాయి.

మోసం గుర్తులు. ఓనరు విదేశంలో ఉన్నాడట, డబ్బు పంపితే తాళంచెవులు కొరియర్‌లో వస్తాయట. ఇల్లు బాగుంటుంది, అద్దె చుట్టుపక్కల సగం. ఈ రెండూ కలిస్తే అది మోసమే. ఇద్దరిలో ఒకరైనా ఇంటి లోపల అడుగుపెట్టి చూడకుండా, ఒప్పందం చేతికి రాకుండా ఒక్క యూరో పంపవద్దు. అద్దె ఇంటి బ్రోకరు కమీషన్ ఎవరు పెట్టుకుంటే వాళ్లే కట్టాలన్న చట్టం 2015 నుంచి ఉంది. ఓనరు పెట్టిన బ్రోకరు మిమ్మల్ని కమీషన్ అడిగితే ఇవ్వనక్కర్లేదు.

## 6. ఒప్పందం ఎవరి పేరున?

ఈ భాగం తొందర లేకుండా చదవండి. దారులు మూడున్నాయి.

అ) ఇద్దరూ ఓనరుతో కలిసి సంతకం పెట్టడం. ఇద్దరికీ సమాన హక్కు. బాధ్యత మాత్రం సగం సగం కాదు. ఒకరు అద్దె కట్టకపోతే మొత్తం అద్దె రెండోవారి నుంచి వసూలు చేసే హక్కు ఓనరుకు ఉంటుంది. ఇల్లు వదలాలన్నా ఇద్దరూ కలిసి నోటీసు ఇవ్వాలి. ఒక్కరి సంతకంతో ఇచ్చిన నోటీసు చెల్లదు.

ఆ) ఒకరు ప్రధాన కిరాయిదారు, ఇంకొకరు వారి దగ్గర ఉప కిరాయిదారు. ఉపకిరాయికి ఓనరు అనుమతి తప్పనిసరి. లేకుండా చేస్తే ప్రధాన ఒప్పందమే రద్దయ్యే ప్రమాదం ఉంది. ఉప కిరాయిదారుకు ఓనరుతో నేరుగా సంబంధం ఉండదు. వెళ్లిపోవడం తేలిక, అయితే ప్రధాన ఒప్పందం ముగిస్తే తనూ వెళ్లాల్సిందే.

ఇ) ఓనరు గదికి ఒక ఒప్పందం చొప్పున విడిగా రాయడం. అరుదు. దొరికితే ఇద్దరికీ అదే ఉత్తమం.

నా సలహా ఇది. ఇద్దరి అసైన్‌మెంటు దాదాపు ఒకే కాలమైతే మొదటి దారి. ఒకరికి కుటుంబం రాబోతుంటే, లేదా ప్రాజెక్టు ఊగిసలాటలో ఉంటే, వాళ్లు రెండో దారిలో ఉప కిరాయిదారుగా ఉండాలి. అనుమతి కాగితం మీదే తీసుకోండి.

"తర్వాత నా స్థానంలో ఇంకో ఫ్రెండ్‌ను పెట్టేస్తా" అనుకోకండి. కలిసి సంతకం పెట్టినంత మాత్రాన కిరాయిదారును మార్చుకునే హక్కు తనంతట తాను రాదని జర్మనీ ఫెడరల్ కోర్టు 2022 ఏప్రిల్‌లో తేల్చి చెప్పింది. ఆ వెసులుబాటు కావాలంటే ఒప్పందంలోనే ఒక వాక్యం రాయించుకోవాలి. అడిగితే ఒప్పుకునే ఓనర్లు ఉంటారు, సంతకానికి ముందే అడగాలి.

సంతకానికి ముందు చూడాల్సినవి:

☐ ఇద్దరి పేర్లూ పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉన్నాయా?
☐ డిపాజిట్ ఎంత? మూడు నెలల కాల్ట్‌మీటెకు మించకూడదు. అది ఇంటి మొత్తానికి, మనిషికి మూడు నెలలు కాదు. మూడు సమాన నెలవారీ వాయిదాల్లో కట్టే హక్కు మీకుంది.
☐ ఇంతకాలం ఖాళీ చేయకూడదన్న నిబంధన ఉందా? నాలుగేళ్ల వరకు కూడా రాయవచ్చు. ఏడాదికి మించి ఉంటే ఒప్పుకోకండి.
☐ గడువు ఉన్న ఒప్పందమా? అయితే ఆ గడువు లోపల మామూలు నోటీసుతో బయటపడలేరు.
☐ ఏటా అద్దె పెంచే నిబంధన ఉందా?

జర్మన్‌లో ఉన్న ఒప్పందాన్ని ఫోన్ అనువాదంతో చదివి సరిపెట్టకండి. జర్మన్ వచ్చిన సహోద్యోగిని ఒక గంట కూర్చోమని అడగండి.

## 7. తాళాలు తీసుకునే రోజు

ఇద్దరూ వెళ్లండి. ఒకరు ఓనరుతో మాట్లాడుతుంటే ఇంకొకరు ఫొటోలు తీయాలి.

☐ ప్రతి గోడ, నేల, కిటికీ, స్నానాలగది మూలలు వీడియో తీయండి
☐ గీతలు, మరకలు, బూజు అన్నీ అప్పగింత పత్రంలో రాయించండి
☐ కరెంటు, హీటింగ్, నీళ్ల మీటర్ల నంబర్లు, రీడింగులు
☐ ఎన్ని తాళంచెవులు ఇచ్చారు, దేనికి ఏది
☐ ఓనరు సంతకంతో వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్, అంటే ఈ ఇంట్లో వీళ్లు దిగారని ఓనరు ఇచ్చే ధ్రువపత్రం, ఇద్దరి పేర్లతో
☐ పోస్టుబాక్సు మీద, కాలింగ్ బెల్ మీద ఇద్దరి సర్‌నేమ్‌లు

చివరిది ఆ సాయంత్రమే అయిపోవాలి. పేరు కనపడకపోతే పోస్ట్‌మ్యాన్ ఉత్తరం వెనక్కి పంపేస్తారు. పన్ను నంబరు, బ్యాంకు కార్డు, బీమా కార్డు అన్నీ పోస్టులోనే వస్తాయి. మంచి ప్లేటు వచ్చేదాకా కాగితం మీద రాసి టేపు అంటించినా చాలు.

## 8. అడ్రస్ నమోదు, ఆ తర్వాతి వరస

ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు నమోదు చేసుకోవాలి. ఫ్రాంక్‌ఫర్ట్‌లో బ్యుర్గర్‌ఆమ్ట్ అనే నగర కార్యాలయాల్లో ఏదైనా ఒకదానికి ఆన్‌లైన్‌లో సమయం తీసుకోండి. స్నేహితులు ఒకే కుటుంబం కాదు కాబట్టి ఇద్దరికీ రెండు అపాయింట్‌మెంట్లు, రెండు ఫారాలు. పాస్‌పోర్టు, ఓనరు ధ్రువపత్రం పట్టుకెళ్లండి. అద్దె ఒప్పందం ఒక్కటే చూపిస్తే ఒప్పుకోరు.

ఫారంలో మతం గడి ఉంటుంది. క్యాథలిక్ లేదా ప్రొటెస్టెంట్ చర్చి సభ్యులుగా నమోదైతే, హెస్సెన్ రాష్ట్రంలో ఆదాయపు పన్ను మీద 9 శాతం చర్చి పన్ను జీతంలోంచి పోతుంది. క్రైస్తవులైన స్నేహితులు ఈ విషయం తెలుసుకునే, నిజాయితీగా నింపండి. హిందువులకు, ముస్లింలకు ఆ పన్ను లేదు.

నమోదు తర్వాత ఈ వరసలో వెళ్లండి:

మొదట బ్యాంకు ఖాతా. పాస్‌పోర్టు, నమోదు కాగితంతో ఎవరి ఖాతా వాళ్లు తెరవండి.

రెండోది ఆరోగ్య బీమా. టీకే, ఆఓకా, బార్మర్ లాంటి ప్రభుత్వ పద్ధతి సంస్థ ఒకటి ఎంచుకుని హెచ్ఆర్‌కు చెప్పండి. జీతం ఎక్కువ ఉన్నవాళ్లను ప్రైవేటు బీమా ఏజెంట్లు పలకరిస్తారు. ప్రభుత్వ పద్ధతిలో ఆదాయం లేని భార్యాభర్తలకు, పిల్లలకు అదనపు చందా లేకుండా కవరేజీ వస్తుంది. ప్రైవేటులో మనిషికొకటి కట్టాలి, మళ్లీ వెనక్కి రావడం కష్టం. కుటుంబాన్ని తెచ్చే ఉద్దేశం ఉంటే ప్రభుత్వ పద్ధతే, ఆలోచించాల్సిన పనే లేదు.

మూడోది పన్ను నంబరు. ష్టొయర్-ఐడీ అనే 11 అంకెల నంబరు రెండు మూడు వారాల్లో పోస్టులో వస్తుంది. రాగానే పేరోల్‌కు పంపండి. జీతంలో పన్ను కోత తరగతిని బట్టి ఉంటుంది. అవివాహితులకు ఒకటో తరగతి. పెళ్లయి, జీవిత భాగస్వామి ఇండియాలోనే ఉంటే కూడా ఒకటో తరగతే. వారు జర్మనీకి వచ్చి నమోదయ్యాకే తరగతి మార్చుకోవచ్చు.

నాలుగోది నివాస అనుమతి. వీసా మీద ఉన్న చివరి తేదీని ఇద్దరూ క్యాలెండర్లో రాసుకోండి. ఇద్దరి తేదీలూ ఒకటే అనుకోవద్దు. నెలల ముందే దరఖాస్తు పెట్టండి. కార్డు రాకముందు తాత్కాలిక కాగితం ఇస్తే, దానితో తిరిగి జర్మనీలోకి రావచ్చో లేదో అడిగి తెలుసుకున్నాకే పండక్కి ఇండియా టికెట్ కొనండి.

ఐదోది కరెంటు, ఇంటర్నెట్. ఏమీ చేయకపోయినా కరెంటు వస్తుంది, కానీ స్థానిక సంస్థ (ఫ్రాంక్‌ఫర్ట్‌లో మైనోవా) మామూలు రేటుకు లెక్కవేస్తుంది. మీటరు నంబరుతో వేరే ప్లాన్లు పోల్చి మారండి. ఇంటర్నెట్ కనెక్షన్‌కు వారాలు పట్టవచ్చు, ఇల్లు ఖాయమైన రోజే దరఖాస్తు పెట్టండి.

ఆరోది రుండ్‌ఫుంక్‌బైట్రాగ్. రేడియో, టీవీ చందా, నెలకు 18.36 యూరోలు. టీవీ లేకపోయినా కట్టాలి. అయితే ఇది ఇంటికి ఒకటే. ఇద్దరికీ ఉత్తరాలు వస్తాయి. ఒకరు నమోదై కట్టండి. రెండోవారు ఆ చందా నంబరు రాసి జవాబు పంపండి. ఉత్తరాన్ని పక్కన పడేస్తే ఇద్దరి పేరా బిల్లు పెరుగుతూ పోతుంది.

ఏడోది ప్రయాణం. డాయిచ్‌లాండ్‌టికెట్ 2026 జనవరి నుంచి నెలకు 63 యూరోలు. దేశమంతా స్థానిక రైళ్లు, బస్సులు, ట్రాములు ఎక్కవచ్చు. కంపెనీ రాయితీ ఇస్తుందేమో ముందు కనుక్కోండి. టికెట్ మీద పేరు ఉంటుంది, ఒకరిది ఇంకొకరు వాడకూడదు. పట్టుబడితే 60 యూరోల జరిమానా. ఆపేయాలంటే నెల 10వ తేదీ లోపు చెప్పాలి.

## 9. ఇంట్లో రోజువారీ

తాళం. తలుపు వేయగానే తాళం దానంతటదే పడిపోతుంది, బయట నుంచి తిప్పితే తెరుచుకోదు. చెత్త పడేయడానికి వెళ్లినా తాళంచెవి జేబులో ఉండాలి. ఇద్దరూ ఒకేసారి ఊరెళ్తారు కాబట్టి మూడో తాళంచెవి దగ్గర్లోని సహోద్యోగి ఇంట్లో పెట్టండి. తాళం తీసేవాళ్లను పిలవాల్సివస్తే మొత్తం ధర ఫోన్లోనే ఖాయం చేసుకోండి. తాళంచెవి పోగొడితే కొన్ని భవనాల్లో అందరి తాళాలూ మార్చాల్సి వస్తుంది, ఆ ఖర్చు పోగొట్టినవాళ్లదే.

అందుకే ప్రైవేట్‌హాఫ్ట్‌ప్‌ఫ్లిష్ట్ అనే బాధ్యత బీమా, తాళంచెవులు కూడా కవరయ్యేది, ఇద్దరూ విడివిడిగా తీసుకోండి. సాధారణంగా ఏడాదికి వంద యూరోల లోపే ఉంటుంది.

పోపు. హెస్సెన్‌లో పడకగదుల్లో, నడవాలో పొగ అలారం ఉండాలన్నది చట్టం. వంటగది తలుపు వేసి, కిటికీ బార్లా తీసి, ఆపైన పోపు పెట్టండి. అలారం తీసి పక్కన పెట్టడం నేరుగా ప్రాణాలతో చెలగాటం, ఎప్పుడూ చేయకండి. చలికాలంలో కూడా రోజుకు రెండు మూడుసార్లు కిటికీలు పూర్తిగా తీసి ఐదు పది నిమిషాలు గాలి ఆడనివ్వాలి. లేకపోతే అన్నం ఆవిరి, స్నానం ఆవిరి గోడల మీద బూజు పట్టిస్తాయి. ఆ ఖర్చు డిపాజిట్‌లోంచి పోతుంది.

చప్పుడు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా, ఆదివారం రోజంతా నిశ్శబ్దం పాటించాలి. మిక్సీ, వాక్యూమ్, డ్రిల్లు శనివారానికే ముగించండి. ఇండియా కాల్స్ తెల్లవారుజామున మాట్లాడేవాళ్లు హెడ్‌ఫోన్ పెట్టుకుని మెల్లగా మాట్లాడండి. పక్కింటివాళ్ల కన్నా ముందు మీ ఫ్రెండ్ నిద్ర పాడవుతుంది.

చెత్త. తడి వ్యర్థం, కాగితం, ప్యాకింగ్, మిగతాది, నాలుగు డబ్బాలు. గాజు సీసాలు వీధిలోని డబ్బాల్లో రంగుల వారీగా, ఆదివారం కాకుండా. ప్లాస్టిక్ సీసాలు, డబ్బాల మీద సాధారణంగా 25 సెంట్ల డిపాజిట్ ఉంటుంది, సూపర్‌మార్కెట్ యంత్రంలో వేసి వెనక్కి తీసుకోండి.

ఆదివారం దుకాణాలు మూత. పాలు, పెరుగు, కూరగాయలు శనివారమే తెచ్చిపెట్టుకోండి. మరీ అవసరమైతే ప్రధాన స్టేషన్లో, విమానాశ్రయంలో తెరిచి ఉంటాయి.

ఒంట్లో బాగోకపోతే. అత్యవసరానికి 112. అంత ప్రమాదం కాకపోయినా రాత్రిపూట డాక్టరు కావాలంటే 116117. ఇంటి దగ్గర ఒక హౌస్‌ఆర్ట్స్ట్, అంటే మామూలు డాక్టరు, దగ్గర ఇద్దరూ ఆరోగ్యంగా ఉన్నప్పుడే పేరు నమోదు చేసుకోండి. ఒకరి ఇండియా ఇంటి ఫోన్ నంబరు ఇంకొకరి దగ్గర తప్పక ఉండాలి.

## 10. ఇద్దరి డబ్బు లెక్క

అద్దె ఒక్కరి ఖాతా నుంచి నెలనెలా ఆటోమేటిక్‌గా ఓనరుకు వెళ్లేలా పెట్టండి. రెండోవారి వాటా అంతకు మూడు రోజుల ముందే ఆ ఖాతాలో పడేలా వాళ్లు కూడా ఆటోమేటిక్ పెట్టాలి. వాటా పంపేటప్పుడు "ఫలానా నెల అద్దె, సగం" అని రాయండి. నగదు ఇచ్చిపుచ్చుకోవడం వద్దు.

గదులు చిన్నాపెద్దా అయితే అద్దె గది వైశాల్యం బట్టి పంచుకోండి. కరెంటు, ఇంటర్నెట్ సగం సగం. సామాన్లు కొనేటప్పుడు మాత్రం పంచుకోవద్దు. మంచం, వాషింగ్ మెషీన్ లాంటివి ఎవరో ఒకరు పూర్తిగా కొనాలి, అప్పుడే విడిపోయే రోజు ఏది ఎవరిదన్న పేచీ ఉండదు.

ఏడాదికోసారి ఓనరు నుంచి అదనపు ఖర్చుల లెక్క వస్తుంది. హీటింగ్ ఎక్కువ వాడితే వందల యూరోలు కట్టాల్సి రావచ్చు. దానికి నెలనెలా కాస్త పక్కన పెట్టండి.

## 11. తరచూ జరిగే పొరపాట్లు, సరిచేసే దారి

పన్ను నంబరు రాలేదు, కోత అన్నిటికన్నా ఎక్కువ పడే ఆరో తరగతిలో జీతం కోశారు. పోస్టుబాక్సు మీద పేరు చూడండి. నమోదు కాగితం, పాస్‌పోర్టుతో దగ్గర్లోని ఫినాన్స్‌ఆమ్ట్‌కు, అంటే పన్ను కార్యాలయానికి, వెళ్లి అడగండి. ఆలస్యం మీ వల్ల కాకపోతే మూడు నెలల దాకా మామూలు తరగతి ప్రకారం లెక్కవేసే వీలు యజమానికి ఉంది, పేరోల్‌కు చెప్పండి. ఎక్కువ పోయిన పన్ను తర్వాత తిరిగి వస్తుంది.

ఒకరి పేరే ఒప్పందంలో ఉంది, ఇంకొకరు ఊరికే ఉంటున్నారు. ఇప్పుడే ఓనరుకు రాసి, ఉపకిరాయి అనుమతి అడగండి. దాచిపెట్టి ఉండడం వల్ల అడ్రస్ నమోదు కూడా కుదరదు.

రెండు వారాల గడువు దాటిపోయింది. వెంటనే దొరికే అపాయింట్‌మెంట్ తీసుకుని, తీసుకున్న మెయిల్ భద్రపరచండి.

బీరువా, మంచం అన్నీ కొని మొదటి నెలే డబ్బు అయిపోయింది. క్లైన్‌ఆన్‌సైగెన్‌లో వాడిన సామాను చవకగా, కొన్నిసార్లు ఉచితంగా దొరుకుతుంది. డిపాజిట్ వాయిదాల్లో కడతామని ఓనరుకు చెప్పండి.

## 12. ఒకరు ముందే వెళ్లిపోతుంటే, ఇద్దరూ ఖాళీ చేస్తుంటే

కలిసి సంతకం పెట్టిన ఇంట్లోంచి ఒకరే వెళ్తుంటే ఓనరు, వెళ్లేవారు, ఉండేవారు ముగ్గురూ సంతకం చేసిన మార్పు పత్రం కావాలి. అది లేకుండా విమానం ఎక్కితే హైదరాబాద్‌లో ఉన్నా అద్దెకు బాధ్యత మీదే. ఓనరు ఒప్పుకోకపోతే, ఉండేవారు ఆ గదిని ఉపకిరాయికి ఇచ్చే అనుమతి అడగాలి. వెళ్లేవారి డిపాజిట్ వాటాను ఉండేవారు ఇచ్చేసి, రసీదు రాసుకోండి.

ఇద్దరూ ఖాళీ చేస్తుంటే మామూలు నోటీసు మూడు నెలలు. నెల మూడో పనిదినం లోపు ఓనరుకు అందితే ఆ నెల లెక్కలోకి వస్తుంది. జనవరి మూడో పనిదినానికి అందితే మార్చి ఆఖరుకు ఒప్పందం ముగుస్తుంది. కాగితం మీద, ఇద్దరి చేతి సంతకాలతో, రిజిస్టరు పోస్టులో పంపండి. మెయిల్, వాట్సాప్ చెల్లవు.

☐ గోడల రంధ్రాలు పూడ్చి, దిగిన రోజు వీడియోతో పోల్చుకోండి
☐ మళ్లీ అప్పగింత పత్రం, మీటరు రీడింగులు, తాళంచెవుల లెక్క
☐ కరెంటు, ఇంటర్నెట్, టీవీ చందా, బీమాలు, రైలు టికెట్ రద్దు
☐ దేశం వదిలి వెళ్తున్నట్టు బ్యుర్గర్‌ఆమ్ట్‌లో అబ్మెల్డుంగ్, ఇద్దరికీ విడివిడిగా. ఈ కాగితంతోనే మిగతావి రద్దవుతాయి
☐ డిపాజిట్ ఏ ఖాతాకు పంపాలో ఇద్దరి సంతకాలతో ఓనరుకు లెటరు

డిపాజిట్ రావడానికి నెలలు పడుతుంది. అదనపు ఖర్చుల లెక్క తేలేదాకా ఓనరు కొంత ఆపి ఉంచవచ్చు. కాబట్టి ఇద్దరిలో ఒకరి జర్మనీ ఖాతా అప్పటిదాకా మూయకండి, ఇండియా అడ్రస్, మెయిల్ ఓనరుకు రాసి ఇవ్వండి. ఆ లెక్క ఓనరు చేతికి ఇవ్వాల్సిన గడువు, లెక్క సంవత్సరం ముగిశాక 12 నెలలు.